సవరణల పరిశీలన – సమష్టి బాధ్యత

వ్రాసినవానికి తన రచనలోని దోషం సులభంగా కనబడదు. అందువలననే ఉర్దూ సాహిత్యంలో శిష్యుడు తన గజలును ఉస్తాదుకు చూపి ‘ఇస్లాహ్’ పొందే సంప్రదాయం ఏర్పడినది. మీర్జా గాలిబ్ తన శిష్యుడైన మున్షీ హర్‌గోపాల్ తఫ్తా కవితలను ఉత్తరాల ద్వారానే సరిదిద్దేవాడు. తాళపత్ర ప్రతులను పోల్చి చూచి గ్రంథపరిష్కరణ చేసిన తెలుగు పండితుల కృషి కూడా ఇటువంటిదే. ఈనాడు కంప్యూటర్ రంగంలో ఆ సంప్రదాయమే మరొక రూపంలో కొనసాగుతున్నది.

ఓపెన్ సోర్స్ అనగా మూలరచనను ఎవరైనా చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు అనుమతిగల సాఫ్ట్‌వేర్. అందులో లోపాన్ని దిద్దుటకో, క్రొత్త సౌకర్యం చేర్చుటకో పంపే మార్పును ‘ప్యాచ్’ అంటారు. చిరిగిన బట్టకు వేసే మాసిక వంటిదన్నమాట. అయితే ప్యాచ్‌లు వ్రాసేవారు అనేకులు, వాటిని ఓపికతో పరిశీలించేవారు కొద్దిమంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

పోస్ట్‌గ్రెస్ అను డేటాబేస్ దీనికి మంచి ఉదాహరణ. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో ఆచార్య మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన ఇది ప్రారంభమైనది. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను నేటి పేరు వచ్చినది. వచ్చిన ప్యాచ్‌లు మరుగున పడిపోకుండుటకు 2008లో ‘కమిట్‌ఫెస్ట్’ అను పద్ధతి ఏర్పరచుకొన్నారు. జులై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి నెలలలో, అనగా ఏటా అయిదు పర్యాయాలు, క్రొత్త రచనను ప్రక్కనబెట్టి ఇతరుల రచనను పరిశీలించాలి. ప్యాచ్ పంపినవాడు అంతే కష్టమైన మరొకరి ప్యాచ్‌ను చూడవలెనన్నది నియమం. ఒక స్వచ్ఛంద నిర్వాహకుడు పట్టికను కనిపెట్టి ఉంటాడు. తుది ఆమోదం ‘కమిటర్’ అనబడే అనుభవజ్ఞులది.

పద్ధతి మంచిదే, కాని ఆచరణలో బరువెక్కినది. నిర్ణయం కాని ప్యాచ్ తరువాతి విడతకు జరుగుతుంది, మళ్లీ జరుగుతుంది. మార్కెట్ యార్డులో బేరం తెగని పసుపు రాశులు పేరుకొనిపోతే క్రొత్తగా వచ్చిన రైతుకు బస్తా దింపుటకు చోటు దొరకదు. ఇక్కడ కూడ అంతే. 2024 మే నెలలో రాబర్ట్ హాస్ అను కమిటర్ ఈ పట్టిక తన ప్రయోజనాన్ని నెరవేర్చుట లేదని బహిరంగంగానే విమర్శించినాడు. దీనికి మూలం సోమరితనం కాదు, మొగమాటం. ఉచితంగా శ్రమించినవానితో ‘ఇది పనికిరాదు’ అని చెప్పుటకు మనసొప్పదు. కాని నెలల తరబడి మౌనం వహించుట నిరాకరణకన్న కఠినమైనది. నిరాకరణ నుండి నేర్చుకోవచ్చును, మౌనం నుండి నేర్చుకొనుటకు ఏమీ లేదు.

పరిశీలకులు కొరవడితే ప్రమాదమేమిటో ‘ఎక్స్‌జెడ్’ ఉదంతం తెలిపినది. లినక్స్ యంత్రాలలో విరివిగా వాడే ఈ సాధనం ఏళ్ల తరబడి దాదాపు ఒకే స్వచ్ఛంద సేవకుని భుజాలపై నిలిచినది. మారుపేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి చొప్పించినాడు. పోస్ట్‌గ్రెస్ బృందానికే చెందిన ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్‌లో అర సెకను ఆలస్యాన్ని గమనించి కారణం వెదకి, 2024 మార్చి 29న దానిని బయటపెట్టినాడు. ఒక్కని శ్రద్ధ ఎందరినో కాపాడినది. కాని ప్రతిసారి అదృష్టంపై ఆధారపడుట వ్యవస్థ అనిపించుకోదు.

ఈ పద్ధతి మెరుగుపడుటకు నాలుగు మార్గాలు తోచుచున్నవి. మొదటిది, విడత ప్రారంభానికి ముందే పట్టికను జల్లెడ పట్టి, కర్త స్పందించని ప్యాచ్‌లను తొలగించాలి. రెండవది, ప్రతి ప్యాచ్‌కు ఒక పరిశీలకుని పేరు ఉండాలి. అతనికి వీలుపడనిచో వారంలోగా మరొకరికి అప్పగించాలి. మూడవది, గడువు ముగియునాటికి అవునో కాదో, కారణసహితంగా చెప్పాలి. నాలుగవది, పరిశీలకుని శ్రమకు గుర్తింపు ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఆమోదించిన మార్పుల వివరణలో పరిశీలకుల పేర్లు కూడ వ్రాసే ఆచారం ఉన్నది, అది అనుసరణీయం.

విద్యార్థులారా! ఈ రంగంలో ప్రవేశించుటకు మహానగరంలో ఉండనవసరం లేదు. ఒకరి ప్యాచ్‌ను మీ యంత్రంపై నడిపి, అది చెప్పిన పని చేయుచున్నదా అని పరీక్షించుట, వివరణలోని అస్పష్టతను ఎత్తిచూపుట మొదటి మెట్టు. ప్రోగ్రాము వ్రాసి పేరు పొందవలెననే కోరిక సహజమే. దానితోపాటు తోటివాని రచనను శ్రద్ధగా చదివి, నిర్మొగమాటంగా, మర్యాదగా అభిప్రాయం చెప్పే అలవాటును కూడ ఈ కళాశాలలోనే అలవరచుకొనండి.