ఢిల్లీ లేఖ: కడుపునొప్పికి ఎన్ని పరీక్షలు?

గతవారం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఎదుటి కాలిబాట మీద ఒక తెలుగువాడు తారసపడ్డాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఫరీదాబాదులో కార్ఖానా పని చేసుకుంటున్నాడు. రెండేళ్లుగా కడుపునొప్పి, ఒకనాడు విరేచనాలు, మరునాడు మలబద్ధకం. చేతిసంచీలో రెండు స్కానింగులు, ఒక కొలొనోస్కోపీ, రక్తపరీక్షల కాగితాలు. అన్నీ ప్రైవేటులో, అప్పు చేసి చేయించుకున్నవే. అన్నింటా నార్మల్. "ఏటీ లేదంతన్నారు బాబూ, మరి నొప్పేటి?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. ఐ.బి.ఎస్. అని వైద్యులు పిలిచే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ పేగుల కదలికలోను, పేగుకూ మెదడుకూ నడుమ సాగే సంకేతాలలోను వచ్చే తేడా. అది స్కానింగుకు చిక్కదు. సకల రోగాలూ కావని తేల్చిన పిమ్మట మిగిలేదే ఐ.బి.ఎస్. అన్న పాత పద్ధతిని వైద్యలోకం విడనాడుతున్నది. లక్షణాలను బట్టే దీనిని గుర్తించవచ్చునని 1978లోనే బ్రిటన్‌లో మానింగ్ బృందం సూచించింది. 2016 నాటి రోమ్ ప్రమాణాల ప్రకారం, గత 3 నెలల్లో సగటున వారానికి ఒకరోజైనా నొప్పి ఉండాలి. మలవిసర్జనతో సంబంధం, తడవల్లో మార్పు, మలం రూపంలో మార్పు అనే మూడింటిలో రెండు దానితో ముడిపడాలి. బాధ మొదలై 6 నెలలు గడవాలి. ఇందుకు కావలసింది యంత్రం కాదు, ఓపికగా ప్రశ్నలడిగే వైద్యుడు. మన ఔట్ పేషెంటు విభాగాల రద్దీలో కరువైనదీ అదే!

రక్తం పడడం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలవడం, కుటుంబంలో పేగు క్యాన్సర్ ఉండడం వంటివి కనిపిస్తే మాత్రం కొలొనోస్కోపీ వంటి పరీక్షలకు వెనుదీయరాదు. అవేవీ లేనివారికి రక్తకణాల లెక్క, సి.ఆర్.పి., సీలియాక్ పరీక్ష, విరేచనాలుంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ దాదాపు సరిపోతాయి. ప్రమాణాలకు సరిపోయిన రోగికి నిర్ధారణ కోసం అల్ట్రాసౌండు, కొలొనోస్కోపీ అనవసరమని బ్రిటన్ జాతీయ సంస్థ నైస్ 2008లోనే చెప్పింది.

అయితే విదేశీ జాబితాను యథాతథంగా దింపుకోవడం కూడా పొరపాటే. పేగు క్షయ, జియార్డియా వంటి పరాన్నజీవులు మనదేశంలో మరువరానివి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి సంగతి మరీ విచిత్రం: 2016లో వెలువడిన అధ్యయనంలో దాని ప్రతిరక్షకాలు ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనిపించాయి. ఢిల్లీలో తప్పనిసరి అనిపించే పరీక్ష మన జిల్లాల్లో అంత అక్కరకు రాకపోవచ్చు.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు భరిస్తుంది. ఔట్ పేషెంటు పరీక్షలు దాని పరిధిలోకి రావు. మన శ్రీకాకుళం మిత్రుడు ఈ రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆసుపత్రి మంచమెక్కలేదు.