మీకు తెలుసా?

చిప్పగిరి, ఆలూరు వైపు పాత బావుల గట్ల మీద తుప్పుపట్టి కనిపించే ఆయిలింజనుకు పడవలతో చుట్టరికం ఉండొచ్చు! కపిలె వెళ్లిపోయాక మన మెట్టపొలాల్లో నీళ్లు తోడిన ఈ ఇంజన్లలో చాలావాటికి మూలం, ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ తెచ్చిన సీఎస్ నమూనా. 1930 ప్రాంతంలో మొదలై 1987 దాకా అక్కడ తయారైంది. సీఎస్ అంటే ‘కోల్డ్ స్టార్ట్’. ఆ కంపెనీ ఇంజన్లు ఇంగ్లండ్ కాలువ పడవల్నీ నడిపాయి. మన రాజ్‌కోట్ కర్మాగారాలు అదే నమూనాను పోతపోసి ఊరూరికీ పంపాయి.

పేరుపలక ఊడిపోతే గుర్తుపట్టేదెలా? సిలిండర్ కొలవండి. లోపలి వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 139.7 ఉంటే అది 6 గుర్రాల సీఎస్ కుటుంబమే. నిమిషానికి 650 చుట్లు. పలక ఉంటే మాత్రం వైర్ బ్రష్‌తో గీకొద్దు, అక్షరాలు పోతాయి. కిరోసిన్‌తో కడిగి సుద్ద రుద్దితే అంకెలు తేలతాయి.

చక్రం బిగుసుకుపోయిందా? సుత్తి దెబ్బలకు పోత ఇనుము పగులుతుంది. ఇంజెక్టర్ తీసి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి, కొన్ని రోజులు ఓపిక పట్టండి. పాత ఇనుముకింద తూకానికి వేసేముందు ఒక్కసారి ఇలా చూడండి, దయచేసి.