నెలల తరబడి నిలిపిన ట్రాక్టరు: పవర్ స్టీరింగు మొరాయిస్తే...

రబీ దుక్కులయ్యాక చెట్టు కిందో, పశువుల కొట్టం పక్కనో నిలిపేసిన ట్రాక్టరును మళ్లీ తొలకరి పదునుకే బయటకు తీస్తాం. తీరా స్టార్టు చేస్తే ఇంజను ఆడుతుంది గానీ స్టీరింగు తిరగదు. తిరిగినా రెండు చేతులా బలం పెట్టాలి, పైగా మూలుగుతున్నట్లు ఒకటే మోత. చెలక నేలల్లో పదును ఎన్ని రోజులు నిలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మెకానిక్కు కోసం ఎదురు చూసేలోగా విత్తే అదును దాటిపోతుంది. సెకండ్‌హ్యాండు బండి కొన్న చిన్న రైతుకు ఈ బెడద మరీ ఎక్కువ. 'పంపు పోయింది, మార్చాలి' అని ఎవరైనా అనగానే డబ్బు తీయకండి. చాలాసార్లు లోపం పంపులో ఉండదు.

ముందుగా ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇంజనుతోపాటు తిరిగే పంపు ఆయిలును ఒత్తిడితో నెడుతుంది. స్టీరింగు కింద ఉండే వాల్వు మీరు తిప్పిన వైపుకు ఆ ఆయిలును పంపుతుంది. ముందు ఇరుసు దగ్గరున్న సిలిండరులో రాడ్డు జరిగి చక్రాలు తిరుగుతాయి. చాలా ట్రాక్టర్లలో స్టీరింగు చక్రానికీ టైర్లకూ నడుమ ఇనుప కడ్డీల బంధమే ఉండదు, అంతా ఆయిలు మీదే. కాబట్టి ఇంజను ఆపి తిప్పితే బిగువుగా ఉండటం సహజం. దాన్ని చూసి కంగారు పడొద్దు.

మొదట టైర్లు చూడండి. నెలల తరబడి నిలిచిన బండికి ముందు టైర్లలో గాలి దిగిపోతుంది. ఆ ఒక్కదానికే స్టీరింగు బరువెక్కుతుంది. కింగ్ పిన్నుల్లో, ఇరుసు కీళ్లలో గ్రీజు ఎండి గట్టిపడుతుంది. పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. తర్వాత చదును నేల మీద వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. ఇప్పుడు ఇంజను నడుపుతూ తిప్పితే తేలిగ్గా తిరిగిందా? అయితే లోపం టైర్లలోనో కీళ్లలోనో ఉండొచ్చు. గాల్లో ఉన్నా బరువుగానే ఉంటే ఆయిలు వైపు వెతకాలి.

ఆయిలు ఎంత ఉందో, ఎలా ఉందో

కొన్ని బండ్లకు స్టీరింగు ఆయిలు ట్యాంకు విడిగా ఉంటుంది, కొన్నిటికి హైడ్రాలిక్ ఆయిలే దీనికీ వెళుతుంది. మీ బండి సంగతి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూడండి. మూత తీసే ముందు చుట్టూ దుమ్ము తుడవాలి. ఆయిలు పాలలా తెల్లబారితే నీరు చేరిందన్న మాట, మొత్తం దించి ఫిల్టరుతో సహా మార్చాలి. తగ్గితే పుస్తకంలో చెప్పిన రకమే పొయ్యండి. ఇంట్లో ఉంది కదా అని బ్రేకు ఆయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. దించిన ఇంజను ఆయిలూ పనికిరాదు.

ఆయిలులో నురుగు, పంపు దగ్గర కీచుమనే మోత, స్టీరింగు కుదుపుతూ తిరగడం, ఇవన్నీ గాలి చేరిన గుర్తులు. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు క్లిప్పు వదులైతే ఆయిలు కారకపోయినా లోపలికి గాలి లాగేస్తుంది. కారుడు లేదు కదా అని చాలామంది ఇక్కడే మోసపోతారు. క్లిప్పు బిగించి, ఆయిలు నింపి, ముందు చక్రాలు దిమ్మెల మీద ఉండగానే ఇంజనును నెమ్మదిగా నడపండి. స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా ఎనిమిది, పదిసార్లు తిప్పండి. చివర తగిలాక అలాగే పట్టి ఉంచొద్దు, పంపు వేడెక్కుతుంది. ఇంజను ఆపి ఆయిలు చూసి, తగ్గినంత మళ్లీ పొయ్యండి. నురుగు పోయేదాకా ఇంతే. ఈ పని తలుపులు మూసిన షెడ్డులో చేస్తే పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

వాడకంలేని బండిలో ఎలుకలు హోసు పైపులు కొరుకుతాయి. ఎండకు పైపులు పగుళ్లిస్తాయి. సిలిండరు రాడ్డుకు తుప్పు పడితే అది సీలును కోసేస్తుంది, అప్పుడు సీలొక్కటే మారిస్తే నిలవదు. ఇంజను నడుస్తుండగా కారుడు ఎక్కడుందో చేత్తో తడమొద్దు. సన్నటి చిల్లు నుంచి వచ్చే ఆయిలు చర్మంలోకి సూదిలా దిగుతుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. దిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇవన్నీ చేశాక కూడా ఇంజను రేసు పెంచితేనే తేలికై, తగ్గించగానే బరువెక్కితే పంపును అనుమానించాలి. ఒక పక్కకు తేలిక, రెండో పక్కకు బరువు అయితే వాల్వో సిలిండరో. ఇవి మెకానిక్కు పనులే, చేలో విప్పితే దుమ్ము చేరి ఉన్నదీ పోతుంది.

ఇకపై బండి నిలిపినా పదిహేను రోజులకోసారి స్టార్టు చేసి స్టీరింగు రెండు పక్కలకూ తిప్పండి, రాడ్డుకు పలచగా గ్రీజు పూయండి. ఈసారికి మాత్రం ట్రాలీ తగిలించి కాలువ గట్టెక్కే ముందు, ఖాళీ బండిని చేలోనే నాలుగు చుట్లు తిప్పి చూసుకోండి.