మూడు పులులూ, పదిహేను మేకలూ

ఆట బాగా వచ్చినవాడికి నేర్పడం కూడా వచ్చి ఉంటుందనుకోవడం పొరపాటు. ఈ సంగతి మొన్న వేసవి సెలవుల్లో నాకు తెలిసివచ్చింది.

మా పేట గ్రంథాలయంలో పిల్లలకు పులిజూదం నేర్పమన్నారు. గుడిమండపంలో బండమీద చెక్కిన పటం దగ్గర చిన్నతనమంతా గడిపినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. సుద్దముక్కతో నేలమీద పటం గీసి, గీతలు కలిసే చోట్లు 23 అనీ, పులులు 3, మేకలు 15 అనీ మొదలుపెట్టి, ఎత్తులూ పైయెత్తులూ అన్నీ ఏకరువు పెట్టాను. పావుగంట తరవాత తలెత్తి చూస్తే అయిదుగురు మిగిలారు. అందులో ఒకడు కునుకుతున్నాడు!

మర్నాడు ఉపన్యాసం మానేశాను. ఒక పులిని పటం కొసనా, రెండింటిని దాని కింది గీతమీదా పెట్టాను. "చింతగింజలు మేకలు. నేనొకటి పెడతాను, నువ్వొక పులిని కదుపు. పక్కనున్న మేకమీదుగా తిన్నగా దూకి, అవతలి ఖాళీలో దిగితే ఆ మేక నీది. పులులు కదలకుండా కట్టేస్తే నేను గెలిచినట్టు" అన్నాను. అంతే, ఆట సాగింది. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదన్న నియమం, నా మేకను జరపమని వాళ్ళడిగినప్పుడు చెప్పాను. అడిగి తెలుసుకున్నది మరిచిపోరు.

కొత్తవాళ్ళకు ముందు పులులే ఇవ్వండి. నాలుగెత్తులు తిరక్కుండానే ఒక మేక చేతికొస్తుంది, రుచి తెలుస్తుంది. మేకల పక్షం కష్టం. దానికి ఇద్దర్ని కలిపి కూర్చోబెడితే మంచిది. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుంటుంటే, ఏది అర్థమయిందో ఏది కాలేదో మనకు తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టన్నది ఊరికో లెక్క. "మా అమ్మమ్మగారింట్లో అలా కాదు" అన్న మాట మధ్యలో వచ్చిందా, ఇక తగువే. ముందే ఒప్పుకుని పలకమీద రాసిపెట్టుకోవాలి.

ఇంత తెలిసీ నేను మరో తప్పు చేశాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె వరసగా మేకల్ని పోగొట్టుకుంటోంది. చూడలేక, "అక్కడ కాదమ్మా, ఇక్కడ" అని నేనే గింజ తీసి పెట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ పిల్ల ఏమీ అనలేదు. గింజలు నా ముందుకు నెట్టి లేచి వెళ్ళిపోయింది. రెండురోజులు రాలేదు. ఆ రెండురోజులూ నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

మూడోనాడు వచ్చింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు పటంకేసి చూసి, "తాతగారూ, మేక వెనకాల ఇంకో మేకుంటే పులి దూకలేదుగా!" అంది. మొదటిరోజు ఉపన్యాసంలో నేను రెండుసార్లు చెప్పిన మాటే అది!

మొన్న ఆదివారం నాకు పులులిచ్చి తను మేకలు తీసుకుంది. రెండు పులులు కట్టుబడ్డాయి. మూడోది ఇంకా తిరుగుతూండగానే గ్రంథాలయం మూసే వేళయింది. పటం చెరపవద్దనీ, గింజలు కదపవద్దనీ ఊడ్చే ఆమెకు మరీమరీ చెప్పి ఇంటికి వెళ్ళాం.