పత్రనిధులయందు ఫలితపరిమితి

సమాచారమును పత్రరూపమున నిలుపు డేటాబేసులలో 2009లో వెలువడిన మోంగోడీబీ ప్రసిద్ధము. ప్రశ్నకు 'లిమిట్' అను పరిమితిని జేర్చి 50 అని వ్రాసినచో, సరిపడు పత్రములు లక్ష యున్నను 50కి మించి రావు. సున్న వ్రాసినచో నేమియు రాదని తోచును. కాని యది పరిమితి లేకుండుటతో సమానము!

పరిశోధకులు ముఖ్యముగ గమనింపవలసినది వేఱొకటి కలదు. క్రమమును నిర్దేశింపక పరిమితిని మాత్రమే విధించినచో ఏ 50 వచ్చునో నియమము లేదు. నేడు వచ్చినవే రేపును రావలెనని లేదు. అట్టివానిని మాదిరిగా గైకొని యొక పదము ఏ కాలమున ప్రచురమో నిర్ణయించుట యుక్తము కాదని మా యభిప్రాయము. యాదృచ్ఛికమైన మాదిరి కావలసినచో 'శాంపిల్' అను సాధనము ప్రత్యేకముగ నున్నది.

సంవత్సరమునుబట్టి క్రమపఱచినను చాలదు. ఒకే సంవత్సరము గల పత్రములు పెక్కు లుండవచ్చును. వానిలో నేది ముందో తేలదు. కావున ప్రతిపత్రమునకును భిన్నముగ నుండు గుర్తును రెండవ ప్రమాణముగ జేర్పవలెను.

తరువాతి 50 కొఱకు 'స్కిప్' అను దాటువేత సులభోపాయమే. కాని దాటవలసినవానిని గూడ యంత్రము వరుసగా గడచియే పోవలెను. సంఖ్య పెరిగినకొలది యాలస్యమగును. అంతకంటె, కడపట వచ్చిన పత్రముయొక్క సంవత్సరమును గుర్తును గ్రహించి, వాని తరువాతివే కావలెనని ప్రశ్నించుట మేలు.