లోటు అన్నారు, కరువు అనలేదు

2014లో నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తమ్మీద సగటుకు 12 శాతం తగ్గింది. 2015లో 14 శాతం తగ్గింది. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేశాక, 2016లో భారత వాతావరణ శాఖ తన పరిభాషలోంచి ‘డ్రౌట్’ అనే మాటను తీసేసింది. అప్పటిదాకా ‘డ్రౌట్ ఇయర్’ అని రాసేచోట ‘డెఫిషియంట్ ఇయర్’ వచ్చింది. అంతకన్నా గడ్డు ఏడాదికి ‘లార్జ్ డెఫిషియంట్ ఇయర్’ అని పేరు పెట్టారు. వాన లెక్కల పట్టికల్లో ఎన్నాళ్ళుగానో ఉన్న ‘స్కాంటీ’ కూడా పోయింది. శాఖ చెప్పిన కారణంలో సబబు ఉంది: వానను కొలవడం తమ పని, కరువు ప్రకటించడం రాష్ట్రాల పని.

కాని ప్రభుత్వ కాగితం మీద లేమిని చెప్పే మాటలు ఉత్త మాటలు కావు. ఏ మాట రాశారన్నదాన్ని బట్టే ఏ పద్దు కింద డబ్బు కదులుతుందో, శిస్తు ఆగుతుందో లేదో, అప్పు వాయిదా పడుతుందో లేదో తేలుతుంది. స్కేర్సిటీ, డిస్ట్రెస్, ఫేమిన్, డ్రౌట్, డెఫిసిట్ అనే ఈ ఇంగ్లిషు మెట్ల మీదే తెలుగు రైతు నూటయాభై ఏళ్ళుగా నిలబడి ఉన్నాడు. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పే హక్కు మాత్రం ఎప్పుడూ అతనికి రాలేదు.

జనం కరువులకు సంవత్సరం పేరు పెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఖాళీ చేసింది నందన కరువు. డొక్కల కరువన్నా అదే. అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. 1876లో వచ్చింది ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దాని నోట పడ్డాయి. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9 లక్షల పైచిలుకు మనుషులున్నారు. 1881లో ఆ లెక్క 7 లక్షలకు దిగువన తేలింది. చచ్చిపోయినవాళ్ళు ఎందరో, ఊళ్ళొదిలి పోయినవాళ్ళు ఎందరో ఆ అంకె విడదీసి చెప్పదు.

ధాత కరువులో ఇంగ్లిషు మాటల పెత్తనం ఎలా నడిచిందో చూడాలంటే రిచర్డ్ టెంపుల్ దగ్గర ఆగాలి. 1873-74లో బీహారులో కరువు రాబోతుండగా ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు దుబారా మనిషని తిట్లు తిన్నాడు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ఆయన్నే మద్రాసు రాజధానికి పంపాడు, ఈసారి ఖర్చు తగ్గించే పని మీద. సహాయ పనుల్లో మట్టి తవ్వే మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని ఆయన తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు విలియం కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పలుగూ పారా పట్టే మనిషి ఆ తిండితో నిలవడనీ, కనీసం పౌనున్నర ధాన్యం, దానితోపాటు పప్పూ కూరా ఉండాలనీ వైద్యుడిగా వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఈలోపు పోయినవాళ్ళు పోయారు. ఇద్దరూ ఒకే ప్రభుత్వ నౌకరులు, ఒకే భాషలో రాసుకున్నారు. ఒకడికి ‘సఫిషియంట్’ అనిపించిన తిండి ఇంకొకడి కళ్ళకు చావుగా కనబడింది. కార్నిష్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఇంత చావు చూశాకే రిచర్డ్ స్ట్రాచీ నాయకత్వంలో ఫేమిన్ కమిషన్ వచ్చింది, 1880లో నివేదిక ఇచ్చింది. దాని వెంట ఫేమిన్ కోడ్‌లు వచ్చాయి. మేలైన పని అది. ధరలు పెరగడం, జనం వలసపోవడం, దొంగతనాలు హెచ్చడం వంటి గుర్తులు చూసి మేలుకోవాలని అధికారులకు రాసి ఇచ్చారు. లేమికి మెట్లు కట్టారు: స్కేర్సిటీకి ఒక సహాయం, ఫేమిన్‌కు మరో సహాయం. చిక్కు అక్కడే మొదలైంది. ఫేమిన్ అని రాస్తే పెట్టాల్సిన తిండి కోడ్‌లోనే ఉంది కాబట్టి, పెట్టలేనివాడు ఆ మాటే రాయడు.

1943లో బెంగాల్లో జరిగింది ఇదే. అక్కడ తాత్కాలిక గవర్నరుగా ఉన్న థామస్ రూథర్‌ఫర్డ్, కోడ్ ప్రకారం ఇవ్వాల్సిన తిండి తమ దగ్గర లేదు కనుకనే కోడ్‌ను అమలు చేయలేదని వైస్రాయికి నేరుగా రాశాడు. ముప్పయి లక్షల దాకా జనం పోయిన కరువుకు ప్రభుత్వం ఫేమిన్ అని ముద్ర వేయలేదు. ఈ రూథర్‌ఫర్డ్ మనకు కొత్తవాడు కాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజును వేటాడటానికి స్పెషల్ కమిషనరుగా వచ్చినవాడే.

స్వతంత్రం వచ్చాకా మాట మీద భయం పోలేదు. 1963లో మహారాష్ట్ర ఏకంగా ఒక చట్టం చేసి తన చట్టాలన్నిటిలోంచి ‘ఫేమిన్’ తీసేసి, ఆ చోట ‘స్కేర్సిటీ’ పెట్టింది. స్కేర్సిటీ కనబడగానే సహాయం అందుతుంది కాబట్టి ఫేమిన్ వచ్చే అవకాశమే లేదన్నది దాని వాదం. పదేళ్ళు తిరక్కుండా 1972లో ఆ రాష్ట్రం ఘోరమైన కరువులో పడింది. మాట రాయడం ఆలస్యమైతే ఏమవుతుందో సోమాలియా చూపింది. అక్కడ 2011 జులైలో ఐక్యరాజ్యసమితి ఫేమిన్ ప్రకటించింది. ఆ కరువులో సుమారు 2,58,000 మంది చనిపోయారని, అందులో దాదాపు సగం మంది ప్రకటనకు ముందే పోయారని తర్వాత తేలింది.

ఇక మన మండలాలకొద్దాం. ఇప్పుడు మనవాళ్ళు ఆకలితో రాలిపోవడం లేదు. రేషన్ బియ్యం, ఉపాధి పనులు అడ్డం నిలబడ్డాయి, అది చిన్న సంగతి కాదు. కాని పంట పోయినవాడి నష్టానికి పేరు పెట్టడంలో పాత తంతే నడుస్తోంది. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం తక్కువ దాకా పడినా అది ‘నార్మల్’. 20 నుంచి 59 శాతం తగ్గితే ‘డెఫిషియంట్’. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం వానే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అక్కడి వేరుశనగ రైతుకు వాన ఎంత పడిందన్నదానికన్నా ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. ఊడలు దిగే వేళ మూడు నాలుగు వారాలు బెట్ట వస్తే చెట్టు పచ్చగానే కనబడుతుంది, పీకి చూస్తే కాయ ఉండదు. తర్వాత ఒక తుపాను కుమ్మరించిందంటే సీజను లెక్క సగటుకు చేరుతుంది. కాగితం మీద ‘నార్మల్’, చేలో దిబ్బ.

2016 మే నెలలో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగా మాట్లాడింది. స్వరాజ్ అభియాన్ అనే సంస్థ వేసిన కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం, కొన్ని రాష్ట్రాలు కరువును ఒప్పుకోకుండా ఉష్ట్రపక్షిలా ఇసుకలో తల దూరుస్తున్నాయని మందలించి, కరువును నిర్ధారించే తీరు చెప్పే కేంద్ర ప్రభుత్వ మాన్యువల్‌ను సవరించమంది. ఆ డిసెంబరులో కొత్త మాన్యువల్ వచ్చింది. వాన లోటుతోపాటు బెట్ట రోజులు, నేలలో తేమ, విత్తిన విస్తీర్ణం, పైరు పచ్చదనం వంటివన్నీ చూడాలంది. అంతవరకు బాగుంది. కాని కరువును ‘మోడరేట్’, ‘సివియర్’ అని విడదీసి, ‘సివియర్’ అయితేనే కేంద్ర విపత్తు నిధిని అడగవచ్చంది. ‘మోడరేట్’ అయితే రాష్ట్రమే చూసుకోవాలి. రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే? ‘మోడరేట్’ మండలంలో ఎకరా వేరుశనగ పోగొట్టుకున్న రైతుకు, ‘సివియర్’ మండలంలో ఎకరా పోగొట్టుకున్న రైతుకు నష్టం ఒక్కటే. ఇద్దరి మధ్య ఉన్నది మండలం హద్దు.

ఈ విభజన మారాలి. సాయం మండలానికి తగిలించిన పేరును బట్టి కాక, చేలో పోయిన పంటను బట్టి అందాలి. బెట్ట ఎన్నాళ్ళున్నది, అది పైరు ఏ దశలో వచ్చింది అనేవి గ్రామం వారీగా నమోదు కావాలి. ఆ నమోదు మీద రైతు సంతకం ఉండాలి. జాబితా ఖాయం కాకముందే దాన్ని గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి, అభ్యంతరం చెప్పడానికి గడువివ్వాలి. ఇప్పుడు మండలాల జాబితా జీవోలో అచ్చయ్యాకే తమ ఊరు అందులో ఉందో లేదో రైతులకు తెలుస్తోంది.