సీసాలో ఊరే రుచి

బెంగుళూరులో నాలుగు తరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబపు ఇల్లాలు, మా సంఘ సభ్యురాలు, నిరుడు కుమారుణ్ణి చూచి రావడానికి ఇంగ్లండులోని మాంచెస్టరు వెళ్ళారు. ఇంటిలో దోగాడే మనుమరాలు ఉన్నది. ఒకనాడు పాపకు సేమ్యా పాయసం చేద్దామని ఆమె వంటయింటి అలమర తెరిచారు. పై అరలో వరుసగా పది పన్నెండు చిన్న సీసాలున్నవి. ప్రతిదానిమీదా కాగితం అంటించి, తేదీ వేసి ఉన్నది. మనము ఆవకాయ జాడీకి పెట్టిన తేదీ వ్రాసుకుంటామే, అచ్చం అలాగే. ఒక సీసా మూత తీసి చూస్తే కమ్మని వెనిల్లా వాసన. ఎసెన్సు కాబోలని రెండు చుక్కలు పాయసంలో వేయబోయారు. అంతలో కుమారుడు పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు.

"అమ్మా, అది ముట్టుకోకు! తినేది కాదు."

"తినేది కానప్పుడు దీనికి పాయసం వాసన ఎందుకురా?"

ఆ ప్రశ్నకు అతడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడట. తిరిగి వచ్చిన తరువాత ఆమె మాకీ సంగతి చెప్పి, "మన పిల్లలు ఎందరో విదేశాలలో ఉన్నారు. ఈ సీసాల సంగతి నలుగురికీ తెలిసేలా వ్రాయండి" అని కోరారు. అందుకే ఈ వ్యాసం.

ఏమిటా సీసాలు?

అవి ఎలక్ట్రానిక్ సిగరెట్టులో పోసే ద్రవం. ఈ పరికరంలో నిప్పు ఉండదు, బూడిద ఉండదు. బ్యాటరీ ఒక సన్నని తీగచుట్టను వేడిచేస్తుంది. ఆ వేడికి ద్రవం ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని పీలుస్తారు. ఈ ఆలోచన క్రొత్తదేమీ కాదు. 1963లోనే హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికా దేశస్థుడు పొగలేని సిగరెట్టుకు పేటెంటు కోరాడు. 1965లో అది లభించింది. కాని అప్పట్లో దానిని ఎవరూ పట్టించుకోలేదు. 2003లో హాన్ లిక్ అనే చైనా ఔషధ శాస్త్రజ్ఞుడు తయారుచేసిన పరికరమే తరువాత లోకమంతటా వ్యాపించింది.

ద్రవంలో ముఖ్యంగా నాలుగు వస్తువులుంటవి. ఒకటి గ్లిసరిన్, చిక్కగా, తియ్యగా ఉంటుంది, దట్టమైన ఆవిరినిస్తుంది. రెండవది ప్రొపిలిన్ గ్లైకాల్. ఇది పలుచన, వాసన ద్రవ్యాలను తనలో కరిగించుకుంటుంది. మూడవది ఆ వాసన ద్రవ్యాలే: వెనిల్లా, మామిడి, పుదీనా, పొగాకు, ఏది కోరితే అది. నాలుగవది నికొటిన్. ఇది చాలవరకు పొగాకునుంచి తీసినదే.

ఊరబెట్టే విధానం

ఈ ద్రవాన్ని ఇంటిలో స్వయంగా కలుపుకునేవారు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ చాలామంది ఉన్నారు. కలిపిన వెంటనే వాడితే రుచి విడివిడిగా, ఘాటుగా ఉంటుందని, కొన్నాళ్ళు ఊరితే గుండ్రంగా, మెత్తగా వస్తుందని వారి అనుభవం. దీనినే వారు స్టీపింగ్ అంటారు. సీసాను వెలుతురు తగలని చల్లని చోట ఉంచి, రోజుకొకసారి బాగా కుదుపుతారు. పండ్ల రుచులకు రెండు మూడు రోజులు చాలునంటారు. వెనిల్లా, కస్టర్డు, పొగాకు వంటి బరువైన రుచులకు రెండు వారాలనుంచి నాలుగు వారాలు ఉంచుతారు. ఓపికలేనివారు గోరువెచ్చని నీటిలో సీసాను ఉంచుతారు. కొందరు మూత తీసి కొన్ని గంటలు గాలి తగలనిస్తారు. నగలు కడిగే శబ్దతరంగ యంత్రంలో పెట్టేవారు కూడ ఉన్నారు!

మన సోదరీమణులకు ఇందులో ఆశ్చర్యమేమీ కనబడదు. ఆవకాయ కలిపిననాడు ఉప్పు ఉప్పుగా, ఆవ ఆవగా, కారం కారంగా దేనికదే నాలుకకు తగులుతుంది. మూడవనాడు తిరగ కలుపుతాము. నెల దాటితేగాని ముక్కకు పులుసూ కారమూ పట్టి అసలు రుచి రాదు. పొగాకు రైతులకూ ఇది తెలిసిన విషయమే. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పండే వర్జీనియా ఆకును బ్యారన్లలో వేడిమీద పదును చేసినంతమాత్రాన అది సిగరెట్టుకు పనికిరాదు. మళ్ళీ ఆరబెట్టి, కట్టలు కట్టి, గోదాములలో ఏడాది, రెండేళ్ళు నిలవ చేస్తారు. అప్పుడే దాని పచ్చి ఘాటు విరుగుతుంది. సీసాలోని ద్రవాన్ని ఊరబెట్టేవారు తెలిసో తెలియకో ఈ పాత పద్ధతినే అనుసరిస్తున్నారు.

లోపల జరిగేదేమిటి?

కాలం రుచిని మారుస్తుందన్నది నిజమే. కాని సీసాలో ఒకటి కాదు, మూడు పనులు ఒకేసారి జరుగుతవి. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలవడమే పొరపాటు.

మొదటిది కలయిక. గ్లిసరిన్ తేనెవలె చిక్కనిది గనుక మిగిలినవి అందులో సమంగా కలవడానికి సమయం పడుతుంది. కుదపడం, కొద్దిగా వెచ్చచేయడం ఈ పనికే. వేడికి గ్లిసరిన్ పలుచబడుతుంది. ఇది నిరపాయమైన మార్పు. బాగా కుదిపితే వారాలపాటు ఆగవలసిన అవసరం కూడ లేదు.

రెండవది ఎగిరిపోవడం. కొన్ని వాసన ద్రవ్యాలను సారాయిలో కరిగించి అమ్ముతారు. మూత తీసి ఉంచితే ఆ సారాయి ఆవిరై మందువాసన తగ్గుతుంది. అయితే దానితోబాటే నిమ్మ, నారింజవంటి తేలిక వాసనలు కూడ పోతవి. గాలి లోపలికి చేరి నికొటిన్ ఆక్సీకరణం చెందుతుంది. మొదట నీటివలె ఉన్న ద్రవం పసుపుపచ్చగా, తరువాత గోధుమరంగుగా మారుతుంది. రంగు ముదిరితే బాగా ఊరిందని చాలామంది సంతోషిస్తారు. వెనిల్లాకు కూడ రంగు మారే గుణం ఉన్నమాట నిజమే. కాని ముదురు రంగు మంచి రుచికి గుర్తు కానేకాదు. అందులో కొంత భాగం నికొటిన్ చెడిపోవడమే.

మూడవది రసాయన క్రియ. ఇది చాలామందికి తెలియదు. వెనిల్లాకు, దాల్చినచెక్కకు, బాదముకు వాసననిచ్చే పదార్థాలు ఆల్డిహైడ్ అనే జాతికి చెందినవి. ఇవి ప్రొపిలిన్ గ్లైకాల్‌తో కలిసి, ఏ వేడీ లేకుండానే, సీసాలో ఉండగానే, ఎసిటాల్ అనే క్రొత్త పదార్థాలుగా మారతవి. అమెరికాలోని యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు 2018లో ఈ సంగతి ప్రకటించారు. ఊపిరి దారిలో మంటను, చికాకును గ్రహించే నాడులు కొన్ని ఉన్నవి. ఈ క్రొత్త పదార్థాలు మూల పదార్థాలకంటె ఎక్కువగా ఆ నాడులను రేపుతవని కూడ వారు కనుగొన్నారు. అనగా, సీసా పైచీటీలో వ్రాసినదొకటి, నెల తరువాత సీసాలో ఉన్నది మరొకటి. నాలుకకు మెత్తబడిన రుచి ఊపిరితిత్తికి మెత్తబడినట్లు కాదు.

నాలుకకు మంచిది, ఊపిరికి?

ఇక్కడే ఆవకాయతో పోలిక తెగిపోతుంది. ఆవకాయను మనము తింటాము. కడుపులో జీర్ణరసాలున్నవి, ఆపైన కాలేయం ఉన్నది. ఊపిరితిత్తులకు అట్టి కాపలా లేదు. తినడానికి పనికివచ్చిన వాసన ద్రవ్యం పీల్చడానికి కూడ పనికివస్తుందని అనుకోరాదు.

దీనికి వెన్న వాసననిచ్చే డయాసిటైల్ కథ మంచి ఉదాహరణ. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, మొక్కజొన్న పేలాలకు వెన్నరుచి చేర్చే ఒక కర్మాగారంలో పనిచేసిన ఎనిమిదిమందికి ఊపిరితిత్తుల సన్నని గొట్టాలు పూడుకొనిపోయే జబ్బు ఉన్నట్లు బయటపడింది. వారు తిన్నది కాదు, రోజంతా పీల్చినదే ఈ జబ్బుకు మూలమని తేలింది. 2015లో హార్వర్డు పరిశోధకులు 51 రకాల రుచులుగల ఎలక్ట్రానిక్ సిగరెట్లను పరీక్షిస్తే 39 రకాలలో ఈ డయాసిటైల్ కనబడింది. దీనిని ఆ ద్రవాలలో వాడరాదని ఇంగ్లండులో నిషేధించారు; అన్ని దేశాలలోనూ ఆ కట్టుబాటు లేదు. ఎన్ని వారాలు ఊరబెట్టినా డయాసిటైల్ మంచిదిగా మారదు.

2019లో అమెరికాలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు కూడ చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రులలో చేరారు. 68 మంది మరణించారు. ఎక్కువగా గంజాయి సారం కలిపిన సీసాలలో చిక్కదనానికి చేర్చిన విటమిన్ ఇ అసిటేటు దీనికి ముఖ్య కారణమని తేలింది. అది మామూలు ద్రవాల తప్పు కాదని చెప్పడం న్యాయం. అయినప్పటికీ, తినే మాత్రలో ఉండదగిన వస్తువు పీల్చే ఆవిరిలో ప్రాణం తీయగలదనే పాఠం మిగిలింది.

మరి పొగత్రాగేవారు దీనికి మారితే మేలు కాదా అని కొందరు అడుగుతారు. సిగరెట్టు మండినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడు వాయువు ఇందులో ఉండవు గనుక సిగరెట్టుకంటె కీడు తక్కువని ఇంగ్లండు ఆరోగ్యశాఖవారు చెబుతారు. అయితే కీడు లేనిది కాదని, ఎన్నడూ పొగత్రాగనివారు దీని జోలికి పోరాదని కూడ వారే చెబుతారు. మన పిల్లలు మొదటి సగం చెవిన వేసుకొని రెండవ సగం మరచిపోతున్నారు.

పసిపిల్లలున్న ఇల్లు

ఇక పాయసం సంగతి. ఇంగ్లండు చట్టం ప్రకారం నికొటిన్ సీసా 10 మిల్లీలీటర్లకు మించరాదు. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికొటిన్ ఉండరాదు. అంటే ఆ చిన్న సీసాలోనే 200 మిల్లీగ్రాములు ఉండవచ్చు. అమెరికాలో ఇంతకంటె ఘాటైనవి దొరుకుతవి. పెద్దవారికి తల తిప్పించే మోతాదు పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. 2014 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రంలో ఏడాది బిడ్డ ఒకడు నికొటిన్ ద్రవం మ్రింగి మరణించాడు. ఆ తరువాత 2016లో, పిల్లలు తెరవలేని మూతలు ఉండితీరాలని అక్కడ శాసనం చేశారు. కాని ఇంటిలో కలిపి, వేరే సీసాలో పోసి, గాలి తగలాలని మూత తీసి ఉంచే ద్రవానికి ఏ శాసనం కాపలా కాస్తుంది? అందులోనూ దానికి పండు వాసన, పాయసం వాసన! నికొటిన్ చర్మం ద్వారా కూడ ఒంటిలోకి ప్రవేశిస్తుంది.

కనుక విదేశాలలో పిల్లల ఇండ్లకు వెళ్ళే తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి. పేరు తెలియని సీసా ఏదైనా అలమరలో కనబడితే, వాసన చూచి అది వంటసరుకని నిర్ణయించవద్దు, అడగండి. అటువంటి సీసాలు వంటయింటిలోగాని, ఫ్రిజ్‌లో తినుబండారాల నడుమగాని ఉండనీయవద్దు. తాళమున్న పెట్టెలో ఉండవలెను. చేతిమీద ఒలికితే వెంటనే నీళ్ళతో బాగా కడగవలెను. బిడ్డ నోట పెట్టుకున్నట్లు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయక, సీసాతో సహా తక్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. వాంతులు, చెమటలు, ముఖం పాలిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం, మూర్ఛ దీని లక్షణాలు. లక్షణాలు కనబడేదాక కాచుకొని కూర్చోరాదు.

మన దేశపు చట్టం

సెలవులకు వచ్చే పిల్లలు ఈ సంగతి తప్పక తెలుసుకోవలెను. కర్ణాటకలో 2016లోనే ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించారు. 2019 సెప్టెంబరు 18న కేంద్రప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా దేశమంతటా నిషేధం విధించింది; అదే ఏడాది డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారికి ఏడాదివరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును. నిలవ చేస్తే ఆరు నెలలవరకు జైలు, యాభైవేల రూపాయలవరకు జరిమానా, లేక రెండూ. బాగా ఊరింది గదా అని ఒక సీసా పెట్టెలో సర్దుకొని విమానమెక్కడం ఎంత చిక్కు తెస్తుందో చెప్పనక్కరలేదు.

ఆ తల్లి కొడుకుతో పోట్లాడలేదు. అతడు ఏడేళ్ళు సిగరెట్లు త్రాగి, వాటిని మానడానికే ఇందులో దిగాడు. మానడం మానాడుగాని, ఇది పట్టుకున్నది. ఏ రుచి ఎన్నాళ్ళు ఊరితే బాగుంటుందో అని పుస్తకంలో వ్రాసుకుంటూ, దానినొక విద్యగా భావించుకున్నాడు. ఆమె ఆ పుస్తకమంతా చదివించుకొని విని, చివరకు ఒకే మాట అన్నదట: "జాడీలో ఊరేదీ, జాడీలో పాడయ్యేదీ ఒకే కాలంరా, నాన్నా. ఏది ఊరుతున్నదో, ఏది పాడవుతున్నదో తెలియనిదాన్ని నేను అన్నంలో పెట్టను. నీవు గుండెలోకి పీలుస్తున్నావు."

ఆ సాయంత్రమే సీసాలన్నీ వంటయింటినుంచి తాళం పెట్టెలోకి చేరినవి. క్రొత్తవి కలపడం ఆపి, నికొటిన్ పాళ్ళు నెలనెలా తగ్గించుకుంటున్నానని అతడు ఈమధ్య ఫోనులో చెప్పాడట. ఖాళీ అయిన ఆ పై అరలో ఇప్పుడు ఏమున్నదని మేము అడిగితే, ఆమె నవ్వి, "నేను పెట్టివచ్చిన మాగాయ" అన్నారు.